తలది నా లెక్క, పొట్టది మా అత్త లెక్క

"ఇప్పుడు ఎన్నో నెల?" అని అడిగాడు.

"మూడో నెల పడ్డది."

"అమ్మకు చెప్పినవా?"

"నువ్వు ఇంటికొచ్చినంక ఇద్దరం కలిసి చెప్దాం. ఇప్పుడైతే పండుకో."

నా భర్త మల్లేశ్‌కూ నాకూ మధ్య నడిచిన ఆఖరు మాటలు ఇవి. నేను దవాఖాన నల్లా దగ్గర గిన్నె కడుక్కొని వచ్చేసరికి మంచం చుట్టూ మనుషులున్నారు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఇంకేదైనా మంచి మాట మాట్లాడుకుని ఉంటే బాగుండేది కదా అని నాతో చాలామంది అన్నారు. వాళ్ళకేం తెలుసు. నాకు మూడో నెల అని ఈ భూమి మీద తెలిసిన ఇంకో మనిషి ఆయన ఒక్కడే. ఆ ఒక్కడూ పోయాడు. ఆ తర్వాత నా నెల ఎంతో చెప్పడానికి అందరికీ నోరొచ్చింది, నాకు తప్ప.

ఇది నేను చెబుతుంటే మా అక్క బిడ్డ రజిత రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు నంబరు చదవడం వచ్చు, అంతే. బస్తీలో ఆడవాళ్ళ సంఘం వాళ్ళు కాన్పుల్లో ఎవరికేం జరిగిందో చిన్న పుస్తకం వేస్తామన్నారు, నన్నూ చెప్పమన్నారు. చెబుతాను. మెత్తగా చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. రజితా, నేను తిట్టినచోట తిట్టే రాయి. మర్యాద కలపకు.

మా ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో. వెనక గోడ దాటితే యూనివర్సిటీ. ఆయన మగపిల్లల హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. నేను ఆడపిల్లల హాస్టల్ మెస్సులో చపాతీలు చేసేదాన్ని. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. ఒకటే గది, ముందు రేకులు దింపిన అరుగు.

అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలిచి రెండో నెలలోనే పోయింది. రెండుసార్లూ మా అత్త బస్తీ నల్లా దగ్గర బిందె పెట్టీ పెట్టగానే అందరికీ చెప్పేసింది. పోయాక ఆ అందరూ వరసగా వచ్చారు. ఏం ఎత్తావు, ఏం తిన్నావు, ఎవరి కన్ను పడింది అని అడిగి, నా గదిలో కూర్చుని నా చాయ్ తాగి పోయారు. ఏడవడానికి కూడా నాకు జాగా దొరకలేదు.

ఆ ఏడు మా బస్తీలో బోనాల ఆదివారం నాడే తెల్లారి నేను బయట చేరాను. కుండకు సున్నం పూసి, పసుపు పెట్టి, వేపాకు కట్టి అన్నీ సిద్ధం చేసింది నేనే. ఎత్తే యోగం లేకుండా పోయింది.

"పండుగ నాడే కూసున్నవానే? ఏడాదికి ఒక్క బోనం, గది గూడ ఈ ముసలి నెత్తికేనా?" అని మా అత్త నన్ను అరుగు మీద కూర్చోబెట్టి తనే బోనం ఎత్తుకుని పోయింది. డప్పుల్లో కూడా ఆమె తిట్లు వినబడ్డాయి. ఆ రోజు గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోలేదు.

తర్వాతి నెల నాకు రాలేదు. ఆయనకు చెబితే ముందు నవ్వాడు, తర్వాత తలుపు వైపు చూశాడు.

"ఈసారి ఎవ్వలకు తెల్వద్దు సత్తీ. ఐదో నెల దాక అమ్మకు గూడ తెల్వద్దు. ఆమె నోరు ఆగది."

"ఒక్కటే గది. రోజులు తప్పితే అత్తకు తెల్వదా?"

"తప్పినట్టు ఎందుకు కనబడాలె? పోయి అరుగు మీద కూసో."

నిజంగానే కూర్చున్నాను. శ్రావణంలో మూడు రోజులు చాప వేరు, పళ్ళెం వేరు, పొయ్యి ముట్టలేదు. నాలుగో రోజు తలంటుకున్నాను కూడా. మా అత్త గొణుక్కుంటూ వండింది. ఆయన మెస్సులో మిగిలిన వంకాయ కూర తెచ్చి, పళ్ళెం దూరం నుంచి నా వైపు నెట్టి కన్ను కొట్టేవాడు. "మూడొద్దులు మేడమ్‌కు సెలవు" అనేవాడు. నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకున్నాను. మా అత్త చూసి, "కడుపునొప్పికి నవ్వెట్ల వస్తదే నీకు?" అంది.

మేము చేసిన మోసం ఇంతే. కడుపులో ఉన్నదాన్ని కాపాడుకోవడానికి చేశాం. దానికి నేను ఇవ్వాళ కూడా చెంపలు వేసుకోను.

తల అంటుకున్న వారానికి ఆయనకు జ్వరం వచ్చింది. తర్వాత కళ్ళు పసుపు పచ్చగా అయ్యాయి. ఆకు పసరు పోశారు, మౌలాలి గుట్ట ఎక్కి తాయత్తు తెచ్చారు, చివరికి సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. బస్తీలో వినాయకులు కూర్చున్నప్పుడు ఆయన లేచి కూర్చోలేని స్థితిలో ఉన్నాడు. బతుకమ్మలకు పది రోజుల ముందు పోయాడు.

పదో రోజు నా గాజులు తీసేటప్పుడు నేను అక్కడే వాంతి చేసుకున్నాను. మా అత్త నా వైపు చూసింది. ఇక ఎవరి కోసం దాచాలి? చెప్పేశాను.

"మూడో నెలా?" అంది. "ఏందే నువ్వు మాట్లాడేది? మొన్న శ్రావణంల కూసున్నవ్ గద. నేనే వండి పెట్టిన."

"అది ఉత్తగనే అత్తమ్మా. మీ కొడుకే కూసోమన్నడు."

"సచ్చినోని మీద పెట్టకు."

ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టుకోవడం నేను చూశాను. శ్రావణంలో నేను కూర్చున్నాను. వారానికి కొడుకు మంచం పట్టాడు. మళ్ళీ లేవలేదు. మరి ఈ కడుపు ఎక్కడిది? వేళ్ళన్నీ అయిపోయాక ఆమె చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు ఇంకేం అనలేదు. అనకపోవడం మంచితనం కాదు. ఇంటినిండా చుట్టాలున్నారు, అంతే.

చుట్టాలు పోయాక మొదలైంది. నా ముందు నేరుగా అనదు. గిన్నెలతో అంటుంది, పిల్లితో అంటుంది. "నా కొడుకు దవాఖానల పచ్చగయ్యి పండుకుంటే ఇక్కడెవలో పచ్చగ బతికిన్రు" అని పొయ్యికి చెబుతుంది. నేను వినాలి. నా పుట్టింట్లో అమ్మ లేదు, అక్కకు ఆరుగురు పిల్లలు, మొగుడికి పని లేదు. నేను ఎక్కడికి పోతాను? రజితా, మీ అమ్మను అన్నందుకు మూతి ముడవకు. నిజమే కదా.

పుష్యమాసంలో మా అత్త నన్ను ముషీరాబాద్‌లో ఒక క్లినిక్కుకు తీసుకుపోయింది. ఆమె పుట్టిల్లు అక్కడే. ప్రేమతో తీసుకుపోయిందనుకోకండి, నెల తేల్చుకోవడానికి తీసుకుపోయింది. డాక్టర్ ఒక పెద్దాయన. బల్ల ముందు కూర్చోగానే, "ఆఖరుసారి ఎప్పుడు ముట్టయ్యావు?" అని నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపల మా అత్త, "శ్రావణంల సారూ, గణేశుల ముంగట" అంది.

"కాదు సార్, బోనాల నాడు" అన్నాను.

ఆయన ఇద్దరినీ చూసి, ముసలామె మాటే రాసుకున్నాడు. నా బొట్టు లేని ముఖం చూసి రాసుకున్నాడో, ఆమె నెరిసిన తల చూసి రాసుకున్నాడో నాకు తెలియదు. నన్ను పడుకోబెట్టి పొట్ట మీద నాలుగు వేళ్ళు పెట్టి నొక్కి, "పెద్దామె చెప్పిందే కరెక్ట్. ఐదు నిండి ఆరో నెల. కడుపు సరిగ్గా అంతే ఉంది" అన్నాడు.

నా లెక్కకు ఆరు నిండి ఏడో నెల. నేను మళ్ళీ చెప్పబోయాను. "నీకంటే నా చెయ్యికి బాగా తెలుసమ్మా" అని గంట కొట్టాడు, తర్వాతి వాళ్ళు రావడానికి.

నా పొట్టే నా మీద సాక్ష్యం చెప్పింది. ఇది ఎవరికైనా జరిగిందా? ఊళ్ళో వాళ్ళు అబద్ధం చెబితే తిరిగి తిట్టొచ్చు. నీ పొట్టే నీ మీద చెబితే ఎవరిని తిడతావు?

తిరుగు బస్సులో మా అత్త కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ అంది: "డాక్టర్ సాబ్ చేతికి గూడ తెలిసింది. పుట్టనీ. మొఖం చూస్తా. నా కొడుకు మొఖం లేకుంటే, ఆ బిడ్డను గా ఎత్తుకున్న చేతులతోనే నువ్వు గుమ్మం దిగాలె." టికెట్ కొట్టే కండక్టర్ విన్నాడు, వెనక సీటు వాళ్ళు విన్నారు. ఆ రాత్రి నా చాప అరుగు మీదికి వచ్చింది. ఈసారి నాటకం కాదు.

మాఘంలో నా కాళ్ళు వాచాయి. పీట మీద కూర్చుని చపాతీలు ఒత్తుతుంటే కళ్ళ ముందు మెరుపులు వచ్చేవి. మెస్సులో తోటివాళ్ళు, "ఏంది సత్తెమ్మా, కడుపే కనబడ్తలేదు, అంతా కాళ్ళల్లకే దిగిందా?" అని నవ్వేవాళ్ళు. ఒకరోజు పిండి ముద్ద చేతిలో ఉండగానే తూలి పడ్డాను. వాళ్ళే నన్ను లేపి క్యాంపస్ డిస్పెన్సరీకి నడిపించారు.

అక్కడ వారానికి రెండు రోజులు ఒక డాక్టరమ్మ వచ్చేది. కడప వైపు మనిషి. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. బీపీ చూసి నన్ను తిట్టింది, ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావని.

"ఎప్పుడు ఆగింది మే నీకు?"

నేను రెండూ చెప్పాను. నా లెక్క ఇది, మా అత్త లెక్క ఇది అని.

"ముట్టు నీదా, మీ అత్తదా?" అంది.

మొత్తం చెప్పాను, అరుగు మీద నాటకంతో సహా. ఆమె నమ్మిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. దర్జీ వాళ్ళ టేపు లాంటిది తీసి నా పొట్ట మీద కింది నుంచి పైకి పెట్టి కొలిచింది. కాగితం మీద రాసుకుంది. మాత్రలిచ్చి, ఉప్పు మానెయ్యమని, రెండు వారాలకు రమ్మని చెప్పింది.

శివరాత్రి దాటాక మళ్ళీ పోయాను. అప్పటికి కడుపులో కదలిక తగ్గింది. అంతకుముందు నేను చపాతీ కర్ర నూకినప్పుడల్లా లోపలి నుంచి తన్నేది. ఇప్పుడు పొద్దంతా కలిపి ఎప్పుడో ఒకసారి చేప తిరిగినట్టు తిరిగి ఆగేది. డాక్టరమ్మ మళ్ళీ టేపు పెట్టింది. చూసింది. మళ్ళీ పెట్టింది.

"నీ లెక్కో, మీ అత్త లెక్కో నాకు అనవసరం. ఎవురి లెక్కయినా రెండు వారాల్లో రెండు వారాలు పెరగల్ల గదా? పెరగల్యా. ఉన్నకాడే ఉండాది." కుర్చీలో వెనక్కి ఒరిగింది. "సాయంత్రం తార్నాకకు రా. స్కానింగ్ సెంటర్‌లో కొత్త మిషన్ వచ్చిండాది, నేను ఆడ కూర్చుంటా. బిడ్డకు నెత్తురు ఎట్ల పోతాందో చూసే మిషన్. మీ అత్తను గూడ పిల్చుకోని రా."

"ఆమె ఎందుకమ్మా?"

"పిల్చుకోని రా అంటాండా."

ఇంటికి వచ్చి చెబితే మా అత్త వెంటనే లేచి మంచి చీర కట్టుకుంది. "మిషన్ల అంతా తెలుస్తదట గద. ఎవనిదో గూడ తెలుస్తది" అంది. ముషీరాబాద్ డాక్టర్ చెయ్యి ఆమె వైపే చెప్పింది. మిషన్ కూడా ఆమె వైపే చెబితే? ఐదు నెలలుగా అందరూ కాదంటుంటే, నా మనసు కూడా ఒక్కోసారి నన్ను అడిగేది, నిజంగా బోనాల నాడేనా అని. మనిషిని అట్లా చేస్తారు. వాళ్ళ పాపం వాళ్ళకే తగలాలి.

తార్నాకలో ఆ సెంటర్ ముందు గదిలో అందరూ కడుపుతో ఉన్నవాళ్ళే. ప్రతి ఒక్కరి పక్కనా మొగుడు. గోడకు నవ్వే పిల్లల బొమ్మలు. నేను బొట్టు లేకుండా, గాజులు లేకుండా, కడుపుతో లోపలికి పోయి ఖాళీ ఉన్న బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న పిల్లకు ఏడో నెలేమో, ఆ పిల్ల అత్త ఆమెను చెయ్యి పట్టుకుని లేపింది. "ఇటు రా, ఇటు కూసో. ఎదురుంగ కూడ కూసోకు" అని నాకు వీపు వచ్చేలా వేరే చోట కూర్చోబెట్టింది. చూసినవాళ్ళంతా చూసి తలలు తిప్పుకున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళ మీద విధవ నీడ పడకూడదట. మరి నా కడుపు మీద ఎవరి నీడ పడింది? దాన్ని ఎవరు లేపి పక్కకు తీసుకుపోతారు?

కౌంటర్ పిల్ల పేరు రాసుకుంటూ, "హస్బెండ్ పేరు? వచ్చారా?" అని గట్టిగా అడిగింది. "సచ్చిపోయిండు" అని నేనూ అంతే గట్టిగా చెప్పాను. అప్పుడు బురఖా వేసుకున్న ఒకావిడ లేచి ఫ్యాన్ కిందున్న తన జాగా నాకిచ్చింది. "ఇక్కడ కూసో అమ్మా, గాలొస్తది" అని సంచిలోంచి రెండు ఖర్జూరాలు తీసి నా అరచేతిలో పెట్టింది. ఆమె పేరు నేను అడగలేదు. ఆ రోజు నాతో మనిషిలా మాట్లాడింది ఆమె ఒక్కతే.

మా అత్త అన్నీ చూసింది. ఆ బెంచీ మార్చిన ముసలిదాని వైపు కోపంగా చూసింది కూడా. ఎందుకో నాకు తెలియదు. మా అత్త కూడా విధవే కదా, అందుకేమో.

లోపల చీకటి గది. పొట్ట మీద చల్లటి జిగురు పూశారు. డాక్టరమ్మ ఒక చెయ్యి నా పొట్ట మీద, ఒక చెయ్యి మిషన్ మీద. తెర మీద బూడిద రంగు పొగ తప్ప నాకేం కనిపించలేదు. ఆమె ఏవేవో గీతలు పెడుతూ, నోట్లో లెక్కలు గొణుక్కుంటూ చాలాసేపు ఉంది. మా అత్త తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడింది.

తర్వాత పొగలో ఎరుపు, నీలం రంగులు వచ్చాయి. ఒక మీట నొక్కగానే గదంతా చప్పుడు నిండింది. షుయ్... షుయ్... షుయ్ అని. మా బస్తీ నల్లాలో నీళ్ళు తగ్గినప్పుడు ఒక దెబ్బ వచ్చి, ఆగి, ఇంకో దెబ్బ వస్తుంది చూశారా, అట్లా.

"ఈ చప్పుడు ఏందమ్మా?"

"నీ మాయలో నుంచి బిడ్డకు పొయ్యే నెత్తురు. మధ్యలో ఆగకుండా పారతా ఉండల్ల. దెబ్బకు దెబ్బకు నడుమ దాదాపు ఆగిపోతాంది. దారి ఇరుకైపోయింది."

వెంటనే అన్నాను, "మా అత్త నాకు సరిగ్గ తిండి పెట్టలేదమ్మా. గందుకేనా?" ఆమె వినాలనే అన్నాను.

"తిండి వల్ల కాదు మే. బీపీ వల్ల. నువ్వు రోజూ నేతితో తిన్నా ఇంతే."

నిజం చెబుతున్నా, ఆ మాటకు నాకు డాక్టరమ్మ మీద కోపం వచ్చింది. ఒక్క తప్పు మా అత్త నెత్తిన పెడదామంటే అదీ దక్కలేదు.

అప్పుడు మా అత్త అడిగింది, అందుకోసమే వచ్చింది కదా. "గదంతా సరే గానీ డాక్టరమ్మా. ఎన్నో నెల?"

డాక్టరమ్మ కుర్చీ తిప్పి ఆమెకు ఎదురుగా కూర్చుంది.

"బిడ్డ తలను అడిగితే నీ కోడలు చెప్పిన నెల చెప్తాంది. ఏడు నిండి ఎనిమిదో నెల. బిడ్డ పొట్టను అడిగితే నువ్వు చెప్పిన నెల చెప్తాంది. ఆరు నిండి ఏడు."

"ఒక్క బిడ్డకు రెండు నెలలు ఎట్లుంటయ్?"

"అదే చెప్తాండా, ఇను. నెత్తురు సాలనప్పుడు లోపల బిడ్డ ఏం చేస్తాదో తెల్సునా? వచ్చే రవ్వంత నెత్తురు తలకు పంపిచ్చుకుంటాది. పొట్టకు తగ్గిచ్చుకుంటాది. తల నిలబడితే సాలు అనుకుంటాది. అందుకే తల పెరిగింది, పొట్ట నిలిచిపోయింది. నువ్వు అనుకుండేట్టు నిజంగా నెల తక్కువ బిడ్డయితే తల గూడ చిన్నగనే ఉంటుండె. దాని నెత్తురూ బాగనే పారతా ఉంటుండె." మళ్ళీ ఆ మీట నొక్కింది. చప్పుడు గదిలో తిరిగింది. "ఈ బిడ్డ చిన్న నెలది గాదు పెద్దమ్మా. ఆకలితో ఉన్న బిడ్డ."

మా అత్త చేతులు కట్టుకుని ఉన్నది ఉన్నట్టే ఉంది. నేను పడుకునే ఆమె ముఖం వెతికాను. చీకట్లో కనిపించలేదు.

అన్ని నెలలు నేను నా పొట్టను తిట్టుకున్నాను, పెరగలేదని, నా పరువు తీసిందని. లోపల బిడ్డ ఉన్నదాంట్లో తల కాపాడుకుంటోంది. నా లెక్కను తలలో దాచుకుని కూర్చుంది. అది నాకు అప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు. ముషీరాబాద్ పోయి ఆ డాక్టర్ గంట నేలకేసి కొట్టాలనిపించింది.

మర్నాడే సర్కారు దవాఖానలో చేర్పించారు. ఒక మంచానికి ఇద్దరం. నా మంచం మీది రెండో ఆవిడకు కవలలు, ఆమె పొట్ట సగం మంచం ఆక్రమించింది. నేను కొసన వేలాడేదాన్ని. బీపీకి మందులు, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి సూదులు. రెండు రోజులకోసారి ఆ చప్పుడు మిషన్. ఆయాలు కసిరేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు కసిరేవాళ్ళు. మా అత్త పొద్దున జొన్న గట్క, సాయంత్రం అన్నం టిఫిన్ డబ్బాలో తెచ్చి మంచం కింద పెట్టి, నాతో ఒక్క మాట లేకుండా వరండాలో కూర్చునేది.

హోలీ అయిపోయిన మర్నాడు మిషన్‌లో చప్పుడు మారింది. దెబ్బ వస్తోంది, తర్వాత ఏమీ లేదు, మళ్ళీ దెబ్బ. మధ్యలో పూర్తిగా ఖాళీ. ఆ ఖాళీలో నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

ఆ వార్డులో ఉండేది ఒక చిన్న డాక్టర్. అతని చేతిలో నా పాత కాగితాలున్నాయి, ముషీరాబాద్‌ది పైన. "ఈ తేదీ ప్రకారం ఇంకా ఏడో నెల నడుస్తోంది. ఇప్పుడు తీస్తే మా దగ్గర బతకదు. ఆగాలి" అన్నాడు.

"అది నా తేదీ కాదు" అన్నాను. "ఆగితే లోపలనే పోతది."

"మరి ఇక్కడ రాసుంది కదమ్మా. తార్నాక డాక్టర్ ఒకటి రాసింది, ఈయన ఒకటి రాశాడు. ఈ తేదీ ఎవరు చెప్పారు?"

నేను వరండా వైపు చూపించాను. అతను బయటికి పోయి ఆమె ముందు నిలబడ్డాడు. తలుపు తెరిచే ఉంది, నాకు అంతా వినిపించింది. నా బిడ్డ బతకడం, చావడం ఆ నోట్లో ఉంది. నా కడుపు మీద అన్ని నెలలు ఉమ్మిన నోరు.

"అమ్మా, మీ కోడలు ఆఖరుసారి ఎప్పుడు బయట చేరింది? సరిగ్గా గుర్తు చేసుకుని చెప్పు. దీన్ని బట్టే ఆపరేషన్."

ఆమె లేచింది. చెంగు భుజం మీద సర్దుకుంది.

"బోనాల నాడు" అంది. "నేనే బోనం ఎత్తిన ఆ దినం. దానికి ఎత్తరాలె."

"మరి ఇక్కడ శ్రావణం అని..."

"గది ఉత్తది. నాటకం. మొగుడు పెండ్లాం కలిసి నా కండ్లల్ల దుమ్ము కొట్టిన్రు." గొంతులో అదే విషం, కొంచెం కూడా తగ్గలేదు. "నా కొడుకు గసొంటి ఏషాలు మస్తు ఏస్తుండె. దాని లెక్కనే రాయి సారూ. జల్ది రాయి."

సంతకం చేసేందుకు మొగుడు లేడు కదా, ఆమే వేలిముద్ర వేసింది.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. ఒక చేతిలో పట్టేంత పిల్ల. తల పెద్దది, ఒళ్ళంతా ముడతలు, ముసలామెలా నుదురు ముడిచి ఉంది. ఏడ్చిందని చెప్పారు, నేను వినలేదు. అద్దాల పెట్టెలో పెట్టారు. ఉగాది పచ్చడి వాసన వార్డులో వచ్చిన రోజు కూడా అది అక్కడే ఉంది. నేను పాలు పిండి గిన్నెలో ఇస్తే నర్సులు గొట్టంతో పోసేవాళ్ళు. ఒకసారి నీలంగా అయిపోయింది, ఒకసారి కామెర్లన్నారు. ఆ మాట విని నేను గోడకు తల కొట్టుకున్నాను. పుట్టిన పిల్లలకు అవి మామూలేనని నర్సు నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది. ఎండలు ముదిరాక ఇంటికి తెచ్చాం.

ఇప్పుడు నడుస్తోంది. గిన్నెలన్నీ కింద పడేస్తుంది. సన్నగానే ఉంటుంది, కానీ నోరు మాత్రం బస్తీకంతా వినిపిస్తుంది.

మా అత్త నాకు ఏ రోజూ తప్పైందని చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇంటికి వచ్చిన రోజే నా చాప తీసి గదిలో వేసింది, అంతే. ఇప్పుడు పిల్లకు స్నానం పోసేది ఆమే. కాళ్ళు బారజాపి, దాని మీద వేసుకుని, నల్లా దగ్గరికొచ్చే అందరికీ చూపిస్తుంది. "చెవులు చూడున్రి, అచ్చం నా మల్లేశ్‌గానియ్యే" అంటుంది. అందరూ అవునవునంటారు. ఆమెకు చెవులు చూస్తే గానీ తెలియలేదు. దవాఖాన వరండాలో ఆమె చెప్పిన మాట వల్ల నా బిడ్డ బతికింది, అది నేను కాదనను. కానీ ఆ మాట ఆమెకు పదో రోజు నాడే తెలుసు. బోనం ఎత్తింది ఆమె నెత్తే కదా. ఇన్ని నెలలు దాన్ని ఎక్కడ పెట్టుకుంది? అందుకే నేను దండం పెట్టను. అన్నం పెడతాను, మందు తెస్తాను, దండం మాత్రం పెట్టను.

చదివే ఆడవాళ్ళకు నేను చెప్పేది ఇది. దిష్టికి భయపడి ఊరికి దాచుకోండి, అత్తకు దాచుకోండి, నేను వద్దనను. డాక్టర్ దగ్గర మాత్రం మీ తేదీ మీ నోటితోనే చెప్పండి. పక్కవాళ్ళు చెబుతుంటే లేచి నిలబడి చెప్పండి. కడుపు చిన్నగా ఉంటే కాన్పు సులువు అనేవాళ్ళ మాట వినకండి. నెలకు నెల పెరిగిందా లేదా అని అడగండి. పెరగలేదంటే, నెత్తురు పోయే చప్పుడు చూసే మిషన్ ఎక్కడుందో అడగండి. ఆ బెంచీ మీద ఎవరైనా మీ పక్క నుంచి లేచిపోతే పోనివ్వండి. మీరు మాత్రం లేవకండి.

నేను చెప్పాల్సింది అయిపోయింది రజితా. ఇప్పుడు నాకు మొదటి నుంచి చదివి వినిపించు. ఆయన నెల అడిగిన దగ్గర కొంచెం మెల్లగా చదువు. మిగతాదంతా గట్టిగా చదువు. మా అత్త బయట పిల్లకు నీళ్ళు పోస్తోంది. ఆ తలుపు తెరువు.